రాయని చెంచా

మూడు వారాలు నోరు కట్టుకున్నాను. పాలు లేవు, గోధుమపిండి లేదు, గుడ్డు లేదు. అన్నం, ఉడకబెట్టిన కూరలు, పండ్లు, అంతే. ఏది నోట్లో పెట్టుకున్నా వేళతో సహా నోటుపుస్తకంలో రాయమంది డైట్ డాక్టరమ్మ. రాశాను. మా ఆయన మాత్రం నా ఎదురుగానే కూర్చుని బిస్కెట్లు పాలల్లో ముంచుకుని తినేవాడు. అది రాయడానికి పుస్తకంలో గడి లేదు కాబట్టి ఊరుకున్నాను.

అయినా కడుపునొప్పి తగ్గలేదు. పొద్దున్న లేచేసరికి బాగానే ఉండేది. పదకొండు దాటిందంటే పొట్ట ఉబ్బిపోయేది, పేగులు మెలిపెట్టినట్టయ్యేది, చేతుల మీద దద్దుర్లు లేచేవి.

నేను ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో పెద్ద వంటమనిషిని. నాలుగు వందల మందికి మధ్యాహ్నం భోజనం నా చేతి మీదుగానే వెళ్లాలి. ఆ నెలలో రెండుసార్లు, సరిగ్గా వడ్డన వేళకే, బియ్యం బస్తా మీద కూలబడ్డాను. రెండోసారి మేనేజర్ చూశాడు.

"మళ్లీ ఇలా అయితే మిమ్మల్ని కూపన్ల కిటికీ దగ్గర కూర్చోబెడతానమ్మా. అక్కడైతే కుర్చీ ఉంటుంది," అన్నాడు.

నా మంచికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లుగా ఆ పొయ్యి నాది. కూపన్లు చింపడానికా నేను పుట్టింది?

డాక్టరమ్మ దగ్గరికి రెండోసారి వెళ్లినప్పుడు మా తోడికోడలు సాయం వచ్చింది. అదే క్యాంటీన్లో నా పక్కనే నిలబడి కూరగాయలు తరుగుతుంది. పని శుభ్రంగా చేస్తుంది, నోరు విప్పదు. నోరు విప్పకపోవడానికి కారణం నేనే. కాపురానికి వచ్చిన వారంలో ఇంటిల్లిపాదికీ ఒక పూట తనే వండింది. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పే లేదు," అన్నాను. రుచి విషయంలో మా ఇంట్లో నా మాటకు తిరుగులేదు. ఆ రోజు నుంచి పద్దెనిమిదేళ్లు ఆమె పొయ్యి ముట్టలేదు. ఇంట్లోనైనా క్యాంటీన్లోనైనా ఆమె చేతిలో ఉండేది కత్తే.

డాక్టరమ్మ నా పుస్తకం పేజీ పేజీ తిప్పింది. "ఇంత వివరంగా ఎవరూ రాయరు. ఇంత పథ్యం చేసినా నొప్పి ఉందంటే తిండి వల్ల కాదేమో. వేరే పరీక్షలు చేయిద్దాం," అంది.

మా తోడికోడలు గొంతు సవరించుకుంది. "అక్కా, మరి ఆ చెంచా?"

"ఏ చెంచా?"

"రుచి చూసే చెంచా."

"అది తిండెలా అవుతుందే? అది పని!" అన్నాను.

నిజంగానే అలా అనుకున్నాను. దర్జీ టేపు పట్టినట్టే వంటమనిషి చెంచా పడుతుంది. నాలుక మీద వేసుకుంటాం, ఏం తక్కువో తెలుస్తుంది, మరిచిపోతాం. దాన్ని తినడం అని ఎవరంటారు?

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "రోజుకు ఎన్ని చెంచాలు?"

"మూడో నాలుగో," అన్నాను.

"ముప్పై పైనే ఉంటాయండీ," అంది మా తోడికోడలు. "పాల సూప్ ఒక్కదానికే పదిహేను. పిండి కలిపిన గ్రేవీ వేరే, గుడ్డు కస్టర్డ్ వేరే."

"అంటే రోజూ ఒక గిన్నెడు తాగుతున్నారన్నమాట," అంది డాక్టరమ్మ. "మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. ఈసారి చెంచా కూడా మానాలి."

తిరుగు బస్సులో తోడికోడలికి దూరంగా వేరే సీట్లో కూర్చున్నాను. పరాయిమనిషి ముందు పరువు తీసిందని కోపం. కోపం కింద భయం ఉంది. రుచి చూడకుండా వండితే నేనిక వంటమనిషినేనా?

మర్నాడు వాసన చూసి, రంగు చూసి, చేతి అంచనాతో వండాను. సూప్‌లో ఉప్పు సరిపోయిందో లేదో మాత్రం తేలలేదు. వడ్డనకు ఇరవై నిమిషాలే ఉన్నాయి. పక్కన ఉన్నది ఆమె ఒక్కతే. చెంచా నింపి ఆమె ముందు పట్టాను.

ఆమె చెంచాకేసి చూసింది, నా ముఖంకేసి చూసింది. ఊదుకుని తాగింది. "ఉప్పు కొంచెం తక్కువుందక్కా."

నా చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్ల కసి తీర్చుకుంటోందనుకున్నాను. అయినా వేశాను. ఆ రోజు ఉప్పు డబ్బా అడిగినవాడు లేడు, సూప్ చుక్క మిగల్లేదు.

రెండు వారాల్లో దద్దుర్లు పోయాయి. నొప్పి కూడా పోయింది. ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పినట్టు వారానికి ఒకటి చొప్పున మళ్లీ తిని చూశాను. గుడ్డు తిన్నాను, ఏమీ కాలేదు. రొట్టె తిన్నాను, ఏమీ కాలేదు. పైగా ఏడుపొచ్చేంత బాగుంది. అర గ్లాసు పాలు తాగిన ఆదివారం మాత్రం సాయంత్రానికల్లా మంచం మీద ముడుచుకుపోయాను. దొంగ దొరికింది. ఇక నాకు పాలు లేవు.

మా క్యాంటీన్‌కి పేరు తెచ్చిందే పాల సూప్. పెద్ద వంటమనిషి దాన్ని నాలుక మీద పెట్టుకోకూడదని మేనేజర్‌కి నేను చెబితే తప్ప తెలియదు.

సోమవారం అతనే గిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "ఈమధ్య సూప్ ఇంకా బాగుంటోందమ్మా. ఆ కిటికీ మాట మరిచిపోండి," అన్నాడు.

అక్కడితో ఊరుకోవచ్చు. పక్కన కత్తి చప్పుడు ఆగింది.

"ఆ రుచి నాది కాదండీ," అన్నాను. "పాలు నాకు పడవని తేలింది, ఇక ముట్టను. ఉప్పూ కారం చూసేది మా తోడికోడలు. పొయ్యి దగ్గర ఇద్దరం ఉంటాం. కుదరదంటే నన్ను కిటికీకి పంపండి."

అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సూప్ ఇలాగే ఉంటే ముగ్గురున్నా నాకేం?" అని, గిన్నె ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

పొయ్యి మీద రెండో విడత సూప్ ఉడుకుతోంది. కత్తి చప్పుడు మళ్లీ మొదలైంది. కాసేపటికి ఆమె తలెత్తకుండానే అడిగింది.

"అక్కా, ఆ రోజు నా కూరలో నిజంగా ఉప్పు లేదా?"

సిగ్గుతో గరిటె తిప్పడం ఆపేశాను. చివరికి చెప్పాను.

"ఉంది. సరిపడా ఉంది. అందరూ మళ్లీ మళ్లీ వేయించుకుని తిన్నారు. అది చూడలేకపోయాను."

ఆమె మిగిలిన క్యారెట్లు తరగడం పూర్తి చేసింది. కత్తి కడిగింది, చేతులు తుడుచుకుంది. వచ్చి నా చేతిలోంచి గరిటె తీసుకుంది.

"జరుగక్కా, అడుగంటుతోంది," అంది.