అయిదో వరస

పాటల టీచరమ్మకి ఒక జబ్బు ఉంది. ఖాళీ కనబడితే చాలు, నింపేస్తుంది. అలమరలో ఒక అర బోసిగా ఉంటే పాత పుస్తకమైనా తెచ్చి పెడుతుంది. నలుగురు కూర్చున్న చోట మాట ఆగితే, పోనీ కదా అని ఊరుకోదు, వాతావరణం గురించైనా ఎత్తుకుంటుంది. పిల్లలు ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగితే ఆ సందులో హార్మోనియం మీద రెండు మెట్లు అదనంగా నొక్కుతుంది. పాతికేళ్లుగా ఆ బడిలో ఇదే తంతు. అలాంటి మనిషి చేతిలో వాళ్లమ్మ పాట పడింది. ఇక చెప్పేదేముంది.

వాళ్లమ్మ దర్జీ కొట్లకి కాజాలు కుట్టేది. వీధి వీధంతా ఆవిణ్ణి కాజాలమ్మ అనే పిలిచేది. తల్లికీ కూతురికీ పదహారేళ్లే తేడా కావడంతో, కొత్తవాళ్లు అక్కాచెల్లెళ్లనుకునేవాళ్లు. టీచరమ్మ దానికి మురిసిపోయేది. కాజాలమ్మ మాత్రం ఆ మాట వినగానే తల వంచుకుని కుట్టులో పడిపోయేది.

కుడుతూ ఆవిడ పాడే పాట ఒకే ఒక్కటి. మొత్తం ఏడు వరసలు. "పొద్దెక్కింది వదినా, వెయ్యవే దెబ్బ" అని మొదలవుతుంది. "మా అత్త నోటికి తాళం లేదు, వెయ్యవే దెబ్బ" అనేది రెండో వరస. అలా నాలుగు వరసలు పాడి ఆగేది. సూది ఒకసారి గుడ్డలో దిగి పైకి వచ్చేంతసేపు చప్పుడు ఉండేది కాదు. తరవాత ఆరోది ఎత్తుకునేది.

"మధ్యలో అయిదోది ఏమైందమ్మా?" అని చిన్నప్పుడు కూతురు అడిగితే, "మర్చిపోయానే" అనేది.

ఏ చొక్కాకి ఎన్ని కాజాలు కుట్టిందో పదేళ్ల తరవాత అడిగినా చెప్పే మనిషి, ఒక్క వరస మర్చిపోయిందంటే నమ్మేసింది కూతురు. పిల్లలు తల్లుల మాటలు నమ్ముతారు మరి.

నాలుగు నెలల కిందట బడుల మధ్య పాటల పోటీ జరిగింది. పాత దంపుడు పాట అని పేరు పెట్టి టీచరమ్మ ఈ పాటే పిల్లలకి నేర్పింది. అయిదో వరస తనే రాసింది. "మేడ మీద మల్లెలు విరిసె, వెయ్యవే దెబ్బ." రాసుకుని తనకి తనే శభాష్ అనుకుంది. పిల్లలు పాడారు, కప్పు వచ్చింది, చప్పట్లు మోగాయి. ముందు వరస కుర్చీలో కూర్చున్న కాజాలమ్మ చేతులు మాత్రం ఒళ్లోనే ఉండిపోయాయి.

"ఎలా ఉందమ్మా?" అని ఇంటికొచ్చాక అడిగింది కూతురు.

"బావుంది. కప్పు పెద్దదే ఇచ్చారు," అంది తల్లి.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పాట లేదు. అలకా అంటే అలక కాదు. అడిగినదానికి బదులు చెప్పేది, పెట్టింది తినేది. కాజాలు మాత్రం మూగగా కుట్టేది. తరవాత ఊపిరితిత్తులు పాడయ్యాయి, సూది పట్టుకునే ఓపిక కూడా పోయింది. "ఇంక ఆసుపత్రికి తిప్పి ఆవిణ్ణి అలిసిపోనివ్వకండి" అన్నాడు డాక్టరు. ఆ మాటకి అర్థం ఏమిటో టీచరమ్మకి విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడకి ఇప్పుడు కావలసింది ఒక్కటే. తను చేసిన తప్పేమిటో తెలియాలి, తల్లి నోట ఆ పాట ఒక్కసారి మళ్లీ వినాలి. అడిగితే తల్లి గోడవైపు తిరిగి పడుకుంటోంది.

ఇలా ఉండగా బడి పై కప్పు కారడం మొదలుపెట్టింది. బాగుచెయ్యడానికి ఒక ముసలి మేస్త్రీ వచ్చాడు. కింద గదిలో పిల్లలు ఆ పాట పాడుతుంటే నిచ్చెన దిగి, చేతులకున్న సున్నం దులుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ పాట మీకెవరు నేర్పారమ్మా?"

"మా అమ్మ. దంపుడు పాట."

"దంపుడు పాట కాదమ్మా, గచ్చు కొట్టే పాట. మా కాలంలో మేడలకి పై కప్పు ఇలాగే వేసేవాళ్లం. ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరిస్తే, ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని రోజుల తరబడి చెక్కపలకలతో కొట్టేవాళ్లు. కానీ ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. అయిదో వరస పాడకూడదు. అక్కడ దెబ్బ ఒక్కటే పడాలి."

"ఎందుకని?"

"అది నాకూ తెలీదు. నేను పనిలో చేరేటప్పటికే మా ఊళ్లో ఏ ముఠా ఆ వరస పాడేది కాదు. కావాలంటే పెద్దక్కని అడగండి. ఆ ముఠాలవాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే. మా ఊళ్లోనే సున్నం బట్టీ వెనకాల ఉంటుంది."

మా అమ్మ గచ్చు కొట్టడమేమిటి, కాజాలు కదా కుట్టింది అనుకుంది టీచరమ్మ. అయినా మనసు ఆగలేదు. మర్నాడు బడికి సెలవు పెట్టి, తల్లి దగ్గర పక్కింటావిణ్ణి కూర్చోబెట్టి బయలుదేరింది.

పెద్దక్కకి ఎనభై దాటాయి. ఒకటే గది, ఒక మంచం, గోడకి ఆనించి ఒక చెక్కపలక. దాని పిడి చెయ్యి పట్టుకున్న చోట అరిగి నల్లగా నిగనిగలాడుతోంది. ముసలావిడ చూపు మందగించింది గానీ నోరు మందగించలేదు.

"పాటల టీచరువా? నాకిప్పుడు పాటెందుకమ్మా, పాడితే దగ్గొస్తుంది," అంది. వచ్చిన పని విన్నాక చెయ్యి చాపి పలక పిడి తడిమింది. తరవాత, "మీ అమ్మ ఏడో వరస ఎలా పాడుతుంది?" అని అడిగింది.

"అంచు వచ్చింది అక్కా, ఆపవే దెబ్బ."

"ఎప్పుడూ అలాగేనా? అంచు దూరమే అని ఒక్కసారి కూడా పాడలేదా?"

"లేదు. అలాంటిది ఉందనే నాకు తెలీదు."

ముసలావిడ నిట్టూర్చింది. "అయితే అది చిన్నదే. బతికే ఉందన్నమాట," అంది.

ఆ తరవాత చెప్పుకుంటూ పోయింది. ముఠాకి ఏడుగురు. ఒక్కొక్కరికీ ఒక్కో వరస. ఎవరి వరస వాళ్లే కట్టుకోవాలి, ఎవరిది వాళ్లే పాడాలి, దెబ్బ మాత్రం అందరిదీ. తల్లి ముసలిదై పని మానేస్తే ఆ వరస కూతురికి వస్తుంది. ఇంకెవరూ దాన్ని నోట పెట్టరు. ఏడో దెబ్బ పడగానే అందరూ ఒక అడుగు వెనక్కి జరుగుతారు. కొట్టిన గచ్చు తొక్కకూడదు కాబట్టి వెనక్కే జరగాలి. వెనకేముందో కొట్టేవాళ్లకి కనబడదు. అందుకని చివర కూర్చున్నది చూపు వెనక్కి వేసి ఉంచుతుంది. చోటుంటే "అంచు దూరమే అక్కా, వెయ్యవే దెబ్బ" అని పాడుతుంది. లేకపోతే ఆపమని పాడుతుంది. ఆరుగురి ప్రాణాలు ఆ ఏడోదాని నోట్లో ఉంటాయి.

"మా ముఠాలో అయిదోదీ ఏడోదీ అక్కాచెల్లెళ్లు," అంది పెద్దక్క. "చిన్నదానికి పదహారేళ్లు. కళ్లు చురుగ్గా ఉంటాయని నేనే దాన్ని చివర కూర్చోబెట్టాను. పెద్దదాని మొగుడు పడవ మీద పనికి పోయి మరి రాలేదు. చంటిపిల్లని కింద గదిలో గుడ్డ ఉయ్యాల్లో వేసి పైకొచ్చి కొట్టేది. ఆ మేడకి మధ్యలో వెలుతురు కోసం ఇంత ఖాళీ వదిలారు. అది సరిగ్గా అయిదోదాని వెనకాల ఉంది."

టీచరమ్మ ఏమీ అనలేదు. ఆవిడ మాట లేకుండా కూర్చోవడం అరుదు.

"పిల్ల ఏడ్చింది. చిన్నదానికి ఆ పిల్లంటే ప్రాణం. తల తిప్పి మెట్లవైపు చూసింది. నోరు మాత్రం అలవాటు కొద్దీ అంచు దూరమే అని పాడేసింది. మేం అడుగు వెనక్కి వేశాం." పెద్దక్క కళ్లు తుడుచుకోలేదు, ఎండిపోయి ఉన్నాయి. "మర్నాడు పని ఆపలేదు. ఆపితే పచ్చి గచ్చు పాడైపోతుందన్నారు. ఆ అక్కాచెల్లెళ్లిద్దరూ పోగా మిగిలిన అయిదుగురం కూర్చున్నాం. అయిదో చోటు వదిలేశాం. పాటలోనూ వదిలేశాం. మమ్మల్ని చూసి మిగతా ముఠాలూ అలాగే వదిలేశాయి. చిన్నది ఆ పిల్లని చంకనేసుకుని ఎటో వెళ్లిపోయింది. మళ్లీ పలక పట్టలేదని విన్నాను. పెళ్లి కూడా చేసుకుని ఉండదు."

"మరి నేను?" అంది టీచరమ్మ. అనేటప్పటికే తెలిసిపోయింది.

"నువ్వు ఉయ్యాల్లో ఉన్నావమ్మా."

మేడ మీద మల్లెలట. కన్నతల్లి పడిపోయిన చోట మల్లెలు పూయించి కప్పు కొట్టుకొచ్చింది తను. పెంచిన తల్లిని ముందు కుర్చీలో కూర్చోబెట్టి మరీ వినిపించింది. టీచరమ్మకి ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. తరవాత ఏడుపొచ్చింది. పెద్దక్క ఓదార్చలేదు. ఏడుపు తగ్గేదాకా ఊరుకుని, "వరస కావాలా మరి? నీదే అది, ఇన్నాళ్లూ నా దగ్గరుంది," అంది.

బస్సులో తిరిగొస్తూ టీచరమ్మ మనసులో ఒకసారి పిన్నీ అని అనుకుని చూసింది. ఆ పిలుపు లోపల ఎక్కడా అతకలేదు. రెండోసారి ప్రయత్నించలేదు.

ఇంటికొచ్చేటప్పటికి సాయంత్రం ఎండ మంచం కోళ్ల దాకా వచ్చింది. పక్కింటావిడ వెళ్లిపోయింది. కాజాలమ్మ గోడవైపు తిరిగి ఉంది. టీచరమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, మంచం పట్టె మీద అరచేత్తో దెబ్బ వేస్తూ మెల్లగా పాట ఎత్తుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో దెబ్బ పడ్డాక తల్లి వీపు బిగుసుకుంది. మల్లెలు వస్తాయనుకుంది కాబోలు.

"కింద నా కూన కునుకేసింది, మెల్లగా దెబ్బ," అని పాడింది టీచరమ్మ. దెబ్బ కూడా మెల్లగానే వేసింది.

కాజాలమ్మ ఇటు తిరగడానికి చాలాసేపు పట్టింది. తిరిగాక కూతురి మొహంలోకి చూసింది. ఆరో వరస కూతురే పాడింది. ఏడోదానికి ఆగింది. అది తనది కాదు.

దగ్గూ ఆయాసమూ మధ్య, విన్నామో లేదో అన్నంత సన్నగా, "అంచు వచ్చింది అక్కా, ఆపవే దెబ్బ," అంది కాజాలమ్మ. కూతురు చెయ్యి ఆపేసింది.

"పెద్దక్క ఉందా ఇంకా?"

"ఉందమ్మా."

"ఏం చెప్పింది?"

"వరస చెప్పింది. అది నాదని చెప్పింది."

"ఇంకేం చెప్పింది?"

టీచరమ్మ మంచం మీది దుప్పటి సర్దింది. "ఇంకేం లేదమ్మా. ముసలావిడ, అన్నీ మర్చిపోయింది."

కాజాలమ్మ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని కూతురు లేవబోతుంటే చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ల కొసలన్నీ సూది పోట్లతో గరుకుగా ఉన్నాయి.

"ఆ పూట నువ్వు నిద్రపోతున్నావే," అంది, ఎవరూ అడక్కుండానే. "హాయిగా నిద్రపోతున్నావు. అసలు ఏడవనే లేదు."

"అవునమ్మా," అంది టీచరమ్మ. "నిద్రపోయాను."