ఊరి నుంచి తెచ్చిన కాగితం

అక్షరాలు తప్పితే మన్నించండి. యాభై దాటాక పలక పట్టినదాన్ని. ఒక్కో మాట కూడబలుక్కుని రాస్తాను గనుక ఈ కాస్త కథకే నెల పట్టింది.

మా సూరత్‌లోనే ఉండే భూదేవి కూతురు సంధ్యారాణికి పన్నెండో తరగతిలో అరవై ఎనిమిది శాతం వచ్చింది. సైకాలజీలో బీఏ చేస్తానంది.

"అంటే పిచ్చోళ్ల డాక్టరా?" అన్నాడు తండ్రి ఆగయ్య. మరమగ్గాల మోతకు అలవాటుపడి ఇంట్లోనూ అరిచే మాట్లాడతాడు.

"కాదు బాపూ. మనిషి మనసు గిట్లెందుకైతదో చదువుడు."

"అయితే ముందుగాల మీ అమ్మను చదువు!"

దరఖాస్తులో కులం దగ్గర ఆగిపోయారు. తెలంగాణలోని సొంతూళ్లో తాము బీసీలే కానీ చేతిలో కుల పత్రం లేదు. పత్రముంటే సీటు ఖాయమన్నాడు పక్కింటి లింగమూర్తి. సంధ్య పత్రం లేకుండానే జనరల్‌లో అప్పుడే పంపేస్తానంది. "ఆగవే, తొందరేంది? కాగితం రానీ" అంది భూదేవి.

ఆగయ్య పని మానుకుని ఊరెళ్లాడు. తహసీల్దారు ఆఫీసు చుట్టూ పన్నెండు రోజులు తిరిగి పత్రం తెచ్చాడు.

కాలేజీలో గుమస్తా దాన్ని ఒక్క చూపు చూసి వెనక్కి తోశాడు.

"యే యహాఁ నహీ చలేగా, బేన్. ఇది తెలంగాణది, ఇక్కడ చెల్లదు."

"పిల్ల పుట్టింది సూరత్‌లనే కదా భయ్యా!" భూదేవి వచ్చీరాని హిందీలో మొత్తుకుంది.

"పుట్టినా అంతే. గుజరాత్ పత్రం కావాలి." అతను మార్కుల కాగితం తిప్పాడు. "అరవై ఎనిమిదా? జనరల్‌లో అరవై రెండుకే సీటొచ్చింది. మొదట్లోనే ఎందుకు నింపలేదు? ఇప్పుడు సైకాలజీ నిండిపోయింది. హిస్టరీ ఉంది, రాయనా?"

భూదేవికి ఒళ్లు మండిపోయింది. లింగమూర్తిని తిట్టాలా, పన్నెండు రోజులు తిప్పిన ఆ ఆఫీసును తిట్టాలా, ఆగమన్న తన నోటినే తిట్టుకోవాలా తోచలేదు.

"హిస్టరీ వద్దు" అంది సంధ్య. "ఎవరైనా మానుకుంటే?"

"వెయిటింగ్‌లో నీది పదిహేడో పేరవుతుంది."

"రాయండి."

గేటు దాటాక భూదేవి మెల్లగా అడిగింది. "అంతమంది మానుకుంటరానే?"

"నాకేం తెలుసు? ఆగుమన్నది నువ్వే గదా."

బస్సులో తల్లి పక్క సీటు ఖాళీగానే ఉంది. సంధ్య ఇల్లున్న బమ్రోలి దాకా నిలబడే వచ్చింది.

— వెంకటవ్వ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉండేది బమ్రోలి, సూరత్.