యోసేపు మళ్లీ బుస కొట్టాడు

పొద్దున్న ఐదున్నరకి మా ఇంట్లో మొదట నీళ్లు అందేది ఊసరవెల్లికి. గిన్నెలో పోస్తే తాగదు. ఇస్త్రీ బట్టల మీద చల్లే స్ప్రే బాటిల్‌తో ఆకుల మీద చల్లితే ఆ చుక్కల్ని నాలుకతో అందుకుంటుంది. తర్వాత దాని లైటు వెయ్యాలి, డబ్బాలోంచి కీచురాళ్లు తీసి వదలాలి, అడుగున పేపరు మార్చాలి. ఆ తర్వాతే అత్తగారికి ఇన్సులిన్, జయపాల్‌కి టీ, ఇద్దరికీ టిఫిను, నా లంచ్ డబ్బా, ఆఫీసు. దాన్ని ముచ్చటపడి కొన్నది మాత్రం మా ఆయన జయపాల్.

బెంగుళూరులో ఎవరి దగ్గరో కొనుక్కొచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టాడు. ఒంటి మీది ఆకుపచ్చ, పసుపు చారలు చూసి, బైబిల్లో యోసేపు తొడుక్కున్న రంగురంగుల నిలువుటంగీ గుర్తొచ్చి, యోసేపు అని పేరు పెట్టాడు. "తొండకి భక్తుడి పేరేంట్రా!" అని మా అత్తగారు ఎలిజబెత్ రెండు రోజులు అలిగింది. మూడో రోజు నుంచి "యోసేపుకి మేత వేశావా హెప్సిబా?" అని నన్ను అడగడం మొదలుపెట్టింది.

ఇంటికి ఎవరొచ్చినా జయపాల్ పంజరం తలుపు తీసి వేలితో పొడిచేవాడు. "రంగు మారుస్తుంది, చూడండి." ఒకసారి నా ఎర్ర చున్నీ తెచ్చి దాని కింద పరిచాడు. యోసేపు ఎర్రబడలేదు. నల్లబడ్డాడు. ఒళ్లు అప్పడంలా పలచన చేసి, గొంతు ఉబ్బించి, నోరు తెరిచి కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొట్టాడు. అందరూ నవ్వారు. అలా రెండు నెలలు. ఆ తర్వాత బుస ఆగిపోయింది. వేలు పెట్టినా కదలడు. పట్టపగలు కళ్లు మూసుకుని కొమ్మ పట్టుకుని ఉంటాడు.

"మచ్చికైపోయింది," అన్నాడు జయపాల్ తన ఆఫీసు వాళ్లతో. "మా హెప్సీ లాగే. పెళ్లైన కొత్తల్లో ఇదీ మాటకు మాట అనేది. ఇప్పుడసలు కోపమే రాదండీ."

నేను బజ్జీల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. నేను కూడా నవ్వాను. ఆయన అన్నది అబద్ధం కాదు. కొత్తల్లో నేను అనేదాన్నే. నా హ్యాండ్‌బ్యాగ్ తీసి వెతికితే అరిచాను, నా జీతం మీద నన్నడక్కుండా లోన్ తీసుకుంటే రెండు రోజులు అన్నం తినలేదు. అప్పుడల్లా జయపాల్ పొట్ట పట్టుకుని నవ్వి, "అబ్బో, కోపం వచ్చిందే! అమ్మా, చూడు చూడు," అని అత్తగారిని కేకేసేవాడు. ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి నన్ను చూసేది. ఎప్పుడు మానేశానో తెలీదు. మానెయ్యాలని కూడా అనుకోలేదు. మఠం వేసుక్కూర్చున్న కాలు తిమ్మిరెక్కి, గిల్లినా తెలియనట్టు, అలా అయింది.

యోసేపు మేత మానేసిన మూడో రోజు లంచ్ టైములో పర్మిషన్ పెట్టి ఇంటికొచ్చి, వాణ్ణి అట్టపెట్టెలో పెట్టుకుని పటమటలో పశువుల డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో తీసుకెళ్లాను.

"బుస కొట్టడం ఎప్పుడు మానేసింది?" అందావిడ.

"నెలన్నర అయిందండీ. మచ్చికైందన్నారు మావారు."

"మచ్చిక కాదమ్మా. దానికి భయమేస్తే నల్లబడుద్ది, బుస కొడుద్ది. దూరం జరగండని చెప్పటం అది. ఎంత చెప్పినా ఎవరూ జరగలేదు. ఇంక ఓపిక లేదు దానికి. కళ్లు మూసుకుంది నెమ్మదించి కాదు, నీరసించి."

ఆవిడ ఇంకా చెప్పింది. ఎత్తులో పెట్టమంది, చుట్టూ ఆకులుండాలంది, నెలపాటు ఎవరూ ముట్టుకోవద్దంది. నేను తలూపాను. ఆటోలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూసుకుంటే నా చెంపలు తడిగా ఉన్నాయి. ఏడుస్తున్నానన్న సంగతి నాకే తెలియలేదు.

పంజరాన్ని బాల్కనీలో మనీప్లాంట్ వెనక, బీరువా అంత ఎత్తులో పెట్టాను. "తొండ మీదున్న శ్రద్ధ మొగుడి మీద లేదు," అన్నాడు జయపాల్. పది రోజులకి యోసేపు మళ్లీ మేత ముట్టాడు.

ఆ నెలలోనే నాకు ప్రమోషన్ వచ్చింది. పదకొండేళ్లు జూనియర్ అసిస్టెంటుగా చేశాక సీనియర్ అసిస్టెంటు. పోస్టింగు ఉయ్యూరు, బస్సెక్కితే గంట. సోమవారానికల్లా చేరాలి, లేదంటే వద్దని రాసివ్వాలి. వద్దని జయపాలే టైపు చేయించుకొచ్చాడు. "అమ్మకి ఇన్సులిన్ ఎవరు చేస్తారు? సంతకం పెట్టెయ్ హెప్సీ." కాగితాన్ని నా బైబిల్లో పెట్టాడు. నేను పెడతాననలేదు, పెట్టననలేదు.

శనివారం సాయంత్రం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. ఇరవై మంది వచ్చారు. పాస్టరు అబ్రహాము గారికి చూపించాలని జయపాల్ పంజరం దించి హాలు మధ్యలో పెట్టి వేలు దూర్చాడు. యోసేపు నల్లబడ్డాడు. గొంతు ఉబ్బించి, నోరంతా తెరిచి బుస కొట్టాడు. ముందు వరసలో వాళ్లు కుర్చీలు వెనక్కి లాక్కున్నారు. జయపాల్ వేలు తీసేశాడు. నా ఒంట్లో ఏదో కదిలింది. సంతోషమే అది.

"బానే ఉండేదండీ. ఈవిడ చెడగొట్టింది," అన్నాడు జయపాల్.

పాటలు అయ్యాయి. సాక్ష్యాలు చెప్పే సమయంలో జయపాల్ లేచాడు. "మా హెప్సిబాకి ప్రమోషన్ వచ్చిందండి. అమ్మ కోసం, ఇంటి కోసం తనంతట తనే వదులుకుంది. ఇంత నెమ్మది గల భార్యనిచ్చిన దేవుడికి..."

పాస్టరు గారు చెయ్యెత్తారు. స్తోత్రం అనడానికి అందరూ నోరు తెరిచారు.

"ఆగండి పాస్టరు గారూ," అన్నాను. గొంతు నాదేనా అనిపించింది. "నేను వదులుకోలేదు. సంతకం పెట్టలేదండీ. పెట్టను."



జయపాల్ నవ్వాడు. "అబ్బో, కోపం వచ్చిందే! అమ్మా, చూడు చూడు."

ఎవరూ నవ్వలేదు. అత్తగారు తల దించుకుంది.

"అవునండీ, వచ్చింది," అన్నాను. కిటికీలో ఉన్న స్ప్రే బాటిల్ తీసి ఆయన చేతిలో పెట్టాను. "సోమవారం నాకు ఏడింటి బస్సు. వీడికి ఐదున్నరకి నీళ్లు చల్లండి. అత్తయ్యగారి ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో ఉంటుంది."