అప్పటికప్పుడు పుట్టే దెబ్బ

స్నానాల గదిలోంచి ఆయన "టవల్ ఇవ్వు" అని అడుగుతాడు. ఆ మాట బయటికి వచ్చేసరికి ఆయన ఒళ్ళు తుడుచుకుని, చొక్కా తొడుక్కుని, అద్దం ముందు తల దువ్వుకుంటూ ఉంటాడు. అందుకే భార్య అడగకముందే టవల్ తలుపుకి తగిలించి ఉంచుతుంది. కాపురం అన్నాక సర్దుకుపోవాలి కదా.

ఆయన గొంతు ఆయనకంటే వెనక నడుస్తుంది. ముందు పెదవులు కదులుతాయి, మాట తీరిగ్గా వస్తుంది. పుట్టుకతోనే అంతే. కొందరిది ఎడమచేతివాటం, కొందరిది మెల్లకన్ను, ఈయనది ఇది. వీధిలో అందరూ లేటాయన అంటారు. కొత్తవాళ్ళెవరైనా ఆయన్ని దారి అడిగి నిలబడితే, "కాస్త ఆగండి, జవాబు వస్తోంది" అని చెప్పి ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు.

పెళ్ళినాటికి ఆ ఆలస్యం రెప్పపాటు. ఆ తర్వాత ఏటికేడూ పెరిగింది. ఆమె ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. మొదట్లో సూదిలో దారం ఎక్కించేలోపు వచ్చేసే మాట, ఇప్పుడు కర్టెన్ అంచు ఈ కొస నుంచి ఆ కొసకి కుట్టినా రావడం లేదు. ఆయనది మేడలకి కిటికీ అద్దాలు బిగించే పని. పోయిన వానల్లో ఒక అద్దం జారుతుంటే ఆయన అరిచిన "వదలొద్దు" అన్న కేక, అద్దం పగిలి, తోటివాడి అరచెయ్యి తెగి, దానికి గుడ్డ చుట్టాక వినిపించింది. ఆ రోజు నుంచి ఆయన పనికి పోలేదు. ఎవరూ మానెయ్యమనలేదు, తనే మానేశాడు.

ఆమె భయం ఇంకొకటి. ఇది ఇలాగే పెరిగితే ఒకనాటికి మాట మర్నాడు వస్తుంది. తర్వాత వారానికి వస్తుంది. చివరికి మాట ఇల్లు చేరేసరికి మనిషి ఉండడేమో. ఇది ఆమె ఎవరితోనూ అనలేదు. "ఇంట్లో కూర్చుని పాటలు చేసుకుందామండీ" అని మాత్రం అంది. ఆయన వేళ్ళకి ఆలస్యం లేదు, కీబోర్డు మీద చకచకా పరిగెడతాయి. ఆమె గొంతు మంచిది. కుట్టుమిషన్ పక్కన బల్ల వేసి కీబోర్డు, మైకు, స్పీకర్లు సర్దారు. ఇక తాళం వెయ్యడానికి ఒక డ్రమ్ మెషిన్ కావాలి.

వాయిద్యాల షాపావిడ చెవి వెనక స్క్రూడ్రైవర్ పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. వాళ్ళు వచ్చిన పని విని ముందుగా ఒక పల్చటి, కొత్త పెట్టె తీసి కౌంటర్ మీద పెట్టింది.

"అందరూ ఇదే పట్టుకెళ్తారు. మంచి మంచి డ్రమ్ముల మోత రికార్డు చేసి లోపల దాచారు. నొక్కితే చాలు."

నొక్కింది. శుభ్రంగా మోగింది. లేటాయన పెదవులు కదిలాయి. ఆమె గమనించింది, వస్తుందిలే అనుకుంది. ఈలోగా రంగులూ బటన్లూ గురించి కబుర్లు నడిచాయి. షాపావిడ కింది అరలోంచి మరో పెట్టె ఆయాసపడుతూ పైకి ఎత్తింది. ఇనపది, అంచుల్లో రంగు పోయింది, ముందంతా తిప్పే బిరడాలు.

"ఇది అనలాగ్. దీని లోపల మోత అంటూ ఏదీ లేదు."

"మరి మోగేదేంటండీ?" అంది ఆమె.

"నొక్కినప్పుడల్లా కరెంటే అప్పటికప్పుడు దెబ్బని పుట్టిస్తుంది. నిన్నటిదీ మొన్నటిదీ దాచుకోదు. వేడెక్కితే కొంచెం తేడాగా కూడా మోగుతుంది. పేచీ వద్దనుకుంటే మొదటిదే నయం."

బిరడా తిప్పి నొక్కింది. ధుమ్ అంది. ఆ దెబ్బ కౌంటర్ చెక్కలోంచి వాళ్ళ అరచేతుల్లోకి ఎక్కింది.

"ఇదే" అంది లేటాయన గొంతు.

ఆమెకి లెక్క బాగా తెలుసు. ఆయన నోట ఇప్పుడొచ్చిన మాట ఇప్పటిది కాదు, ఇన్నేళ్ళుగా వెనక్కి లెక్కేసుకునే ఆమె కాపురం చేసింది. "అది ఇందాకటి పెట్టె గురించండీ. మొదటిదే కట్టండి" అంది. లేటాయన మాత్రం పెదవుల మీద వేళ్ళు పెట్టుకుని కొయ్యబారి నిలబడ్డాడు. ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తే నడిచాడు.

షాపు మెట్లు దిగుతుండగా ఆయనకి తెలివొచ్చింది. ఆమె కొంగు పట్టుకుని లాగుతూ గబగబా పెదవులు కదిపాడు.

"ఆగండి, వస్తుంది" అంది ఆమె.

వచ్చింది. కానీ అది అంతకు ముందెప్పుడో అన్నది. "ఇది వద్దే. ఇది కూడా నాలాగే, ఎప్పటిదో ఇప్పుడు వినిపిస్తోంది."

ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. కొత్త పెట్టె చూసి ఆయన అన్నది ఇదన్నమాట. మరి ఆ "ఇదే" ఎప్పటిది? ఎంత వెనక్కి వెళ్ళి లెక్కేసినా దానికి చోటు దొరకలేదు. లెక్క వెయ్యాల్సిన పనే లేదని అప్పుడు తట్టింది. ఆ మాట పుట్టినప్పుడే వినపడింది. ఆమె పక్కనే నిలబడి విని కూడా వినలేదు.

"ఇప్పుడన్నారా? అప్పుడే, అక్కడే అన్నారా?"

ఆయన తల ఊపాడు. కళ్ళు నిండిపోయాయి.

వాళ్ళు తిరిగి లోపలికి వెళ్తే షాపావిడ కొత్త పెట్టె వెనక్కి తీసుకుంది. "మాట ఇప్పటికి చేరిందా?" అని ఇనప పెట్టె కట్టి ఇచ్చింది. ఇంటికి పోయే దారంతా వెనకపడ్డ మాటలు ఒక్కొక్కటే వచ్చి కలిశాయి. "అది కాదే." "రెండోది, రెండోది." "కాస్త నా మాట విను." దారినపోయేవాళ్ళు పక్కకి తప్పుకుని వాటికి దారిచ్చారు.

మధ్యాహ్నం ఎండ కర్టెన్ గుడ్డల మీద పడుతుండగా మెషిన్‌కి ప్లగ్ పెట్టారు. అది వేడెక్కేదాకా ఇద్దరూ గుడిలో కూర్చున్నట్టు కూర్చున్నారు. తర్వాత ఆయన బిరడా తిప్పాడు. ధుమ్. ధుమ్. గది నిండిపోయింది. ఆయన కీబోర్డు మీద చేతులు పెట్టలేదు, నోరూ తెరవలేదు. షాపులో జరిగింది మళ్ళీ జరగదేమోనని భయం. ఆమెకీ అదే భయం, కానీ ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

"మీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు" అంది ఆమె, చేతిలో గుడ్డ మడతపెడుతూ. "ఏదో ఒకనాడు మీ మాట ఇల్లు చేరేసరికి, దాన్ని పలకరించడానికి మీరు ఇక్కడ ఉండ..."

"ఉంటాను" అన్నాడు ఆయన.

పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒకరి మాటకి అడ్డు రావడం అదే మొదలు. ఆమె చేతిలోని గుడ్డ జారి కింద పడింది. మెషిన్ మోగుతూనే ఉంది, ప్రతి దెబ్బా కొత్తగా పుడుతూనే ఉంది. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"నేను మళ్ళీ చెప్తాను" అంది. "ఇంకోసారి అడ్డు రండి."