అత్తగారు చూపించిన నుయ్యి

నగరం నడిబొడ్డున ఉన్న ఆఫీసుల పేటను మనుషులు కాపురముండే చోటుగా మార్చాలని మా నగరపాలక సంస్థ తీర్మానించింది. అందుకోసం పొరుగు నగరం నుంచి నలుగురు ఆర్కిటెక్టులను ఆరు రోజుల పనికి పిలిపించింది. వాళ్ల వెంట తిరుగుతూ అడిగిన కాగితమల్లా అందించే పని నాకు పడింది. ప్లానింగ్ విభాగంలో డ్రాయింగులు గీసేది నేను. ఆ పేటలోని పద్నాలుగు పెద్ద భవనాల కొలతలూ నా కంప్యూటర్లోనే ఉన్నాయి.

పేరుకి పేటే గాని అక్కడ ఎవరూ ఉండరు. పొద్దున తొమ్మిదికి బస్సులు జనాన్ని దింపుతాయి, సాయంత్రం ఆరుకి ఎక్కించుకుపోతాయి. ఆ తర్వాత కాపలావాళ్లూ పావురాలూ మిగులుతారు. పైగా నాలుగైదేళ్లుగా చాలా కంపెనీలు ఉద్యోగులను ఇంటి నుంచే పని చేసుకోమన్నాయి. అంతస్తులకు అంతస్తులు తాళాలు వేసి ఉన్నాయి.

వచ్చిన నలుగురిలో పెద్దావిడకు అరవై దగ్గర పడి ఉంటాయి. కత్తిరించిన జుట్టు, కాన్వాసు బూట్లు, భుజాన గుడ్డసంచి. మిగిలిన ముగ్గురూ మేడమ్ అంటుంటే నేనూ అలాగే పిలిచాను. మా ఛీఫ్ ఇంజినీరు కారు సిద్ధం చేయిస్తే ఆవిడ ఎక్కలేదు.

"నడుద్దాం సార్. కార్లోంచి చూస్తే ఏ పేటైనా బాగానే ఉంటుంది" అన్నారు.

రెండు గంటలు నడిచాం. అద్దాల భవనాలను ఛీఫ్ గారు చేయి చాపి చూపిస్తుంటే ఆవిడ మాత్రం నేలను చూస్తూ అడుగుతూ పోయారు. "ఇక్కడ సబ్బు కావాలంటే ఎక్కడ కొంటారు? కాళ్లు లాగితే ఎక్కడ కూర్చుంటారు? పసిపిల్లకి జ్వరమొస్తే?"

"ఇది బిజినెస్ ఏరియా మేడమ్" అన్నారు ఛీఫ్ గారు. రెండోసారీ అదే అన్నారు. మూడోసారి ఊరుకున్నారు.

అసలు చిక్కు బీమా భవనం దగ్గర వచ్చింది. అరవై ఏళ్ల కిందటి కట్టడం, తొమ్మిది అంతస్తులు, పేటకు సరిగ్గా మధ్యలో ఉంది. ముందు దాన్ని ఇళ్లుగా మారిస్తే మిగతావాటికి అదే దారి చూపిస్తుందని అందరి ఆశ. కానీ భవనం మరీ వెడల్పు. కిటికీలు నాలుగు పక్కలా ఉన్నా వెలుతురు ఓ గది దూరం వచ్చి ఆగిపోతుంది. నడిమి భాగమంతా కటిక చీకటి. నా డ్రాయింగు మీద పెన్సిలుతో ఇళ్లు గీసి చూశారు, చెరిపారు, మళ్లీ గీశారు. ప్రతి ఇంట్లోనూ రెండు గదులు చీకట్లోనే పడ్డాయి.

"వెలుతురు లేని గదిలో సామాను పెట్టుకుంటారు, పిల్లల్ని పెంచరు. ఇది కుదరదు" అన్నారు మేడమ్ పెన్సిలు పక్కన పెట్టి.

"అయితే పడగొట్టడమే. ఓ పదేళ్లు పడుతుంది" అన్నారు ఛీఫ్ గారు. ఆయన గొంతులో పెద్ద బాధేమీ లేదు.

ఆ సాయంత్రం డ్రాయింగు ఇంటికి తెచ్చుకుని భోజనాల బల్ల మీద పరిచాను. ఎదురుగా మా అత్తగారు బీన్స్ తుంచుతున్నారు. ఆ బీమా భవనంలోనే ముప్పై ఒక్క ఏళ్లు పని చేసి, కిందటేడాది రిటైరయ్యారావిడ. ఊడ్చే పనికి చేరి, చివరి పన్నెండేళ్లు పాతికమంది మీద సూపర్‌వైజరుగా ఉన్నారు. అక్కడంతా ఆవిడను మేస్త్రమ్మ అంటారు. ఈ సంగతి మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. "మా అత్తగారు బీమా ఆఫీసులో చేసేవారు" అని మాత్రం చెప్పాను. గుమాస్తా అనుకున్నారు. అనుకోనిచ్చాను.

ఆవిడ బల్లకు అటు పక్క నుంచే, తలకిందులుగా ఉన్న డ్రాయింగును కాసేపు చూశారు.

"ఇది మా బిల్డింగే కదూ, అమ్మాయ్. మరి నుయ్యి గీయలేదేం?"

"నుయ్యేంటి అత్తయ్యా?"

"నడిమధ్యన ఉంటుందే, కింది నుంచి పైదాకా. తలెత్తితే ఆకాశం కనపడేది. అన్ని అంతస్తుల వరండాలూ దాని చుట్టూనే. పై నుంచి తొంగి చూస్తే నుయ్యిలా ఉండేదని మేం అలా అనేవాళ్లం."

ఆవిడ వేలు పెట్టిన చోట నా డ్రాయింగులో అడ్డగీతల దీర్ఘచతురస్రం ఉంది. దాని మీద 'ఏసీ మిషన్లు' అని రాసి ఉంది. పాత కాగితంలో అలా ఉంటే, నేనూ అలాగే ఎక్కించి వదిలేశాను. వెళ్లి చూడలేదు.

"మిషన్లు ఎప్పుడు పెట్టారు?"

"నేను చేరిన ఆరో ఏట. అవి పెట్టింది బిల్డింగు వెనకాల. నుయ్యికి మాత్రం పైన రేకులు కప్పేశారు, ప్రతి అంతస్తులో వరండా చుట్టూ చెక్కలు కొట్టేశారు. చల్లగాలి బయటికి పోకూడదట. ఆ రోజు నుంచి పట్టపగలు లైటు వేసుకుని ఊడ్చాం. అంతకుముందు తుడుపు గుడ్డలు ఆ వరండా గోడ మీద ఆరేస్తే గంటలో ఆరిపోయి పెళపెళలాడేవి."

"ఎంత ఉంటుంది అత్తయ్యా, కొలత?"

ఆవిడ బీన్స్ గిన్నె పక్కకు జరిపి, కళ్లు మూసుకుని చేత్తో గాల్లో తుడిచారు. "అడుగున గచ్చు ఉండేది. పది పట్టీలు తుడవాలి, ఒక్కోటి నా అడుగులు ఇరవై. నువ్వే లెక్క కట్టుకో."

కట్టాను. నలభై అడుగుల పొడవు, పాతిక వెడల్పు వచ్చింది. అడ్డగీతల దీర్ఘచతురస్రానికీ దానికీ అడుగు తేడా లేదు.

మర్నాడు మీటింగులో సంగతి చెప్పాను. మేడమ్ కుర్చీలోంచి ముందుకు వంగారు. ఛీఫ్ గారు మాత్రం నుదురు చిట్లించారు.

"రికార్డులో లేదే. నీకెవరు చెప్పారు? అప్పటి ఇంజినీరెవరైనా ఉన్నారా?"

"తెలిసినవాళ్లు చెప్పారు సార్" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే చేదుగా అనిపించింది. ముందు రాత్రి కళ్లు మూసుకుని గాల్లో నేల తుడిచిన మనిషి 'తెలిసినవాళ్లు' అయిపోయింది. గొంతు సవరించుకుని మళ్లీ చెప్పాను. "మా అత్తగారు చెప్పారు సార్. ఆ భవనాన్ని ముప్పై ఒక్క ఏళ్లు ఊడ్చి తుడిచారావిడ."

ఎప్పుడూ నా పక్కన కూర్చునే సహోద్యోగి నా వైపు తిరిగి చూసింది. నేనూ ఆమె వైపు సూటిగా చూశాను.

"ఊడ్చినావిడ చెప్పిందని గోడలు పగలగొట్టిద్దామా?" అన్నారు ఛీఫ్ గారు. వెటకారం కాదు. నిజంగానే అడిగారు.

"గోడల సంగతి తర్వాత. ముందు ఆవిడ్ని పిలవండి. కాదు, అడగండి. వీలుంటే రమ్మని అడగండి" అన్నారు మేడమ్.

అత్తగారు పదకొండింటి బస్సుకు బీమా భవనానికి వచ్చారు. గేటు దగ్గర కాపలాదారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఏంటి మేస్త్రమ్మా, మళ్లీ డ్యూటీకా?" అన్నాడు. "నువ్వింకా కుర్చీ మార్చలేదా, కాలు ఊగుతోంది చూసుకో" అని లోపలికి నడిచారావిడ. లిఫ్టు ఎక్కలేదు. ఆరో అంతస్తు దాకా మెట్లెక్కారు. మేం ఆయాసపడుతూ వెనక వెళ్లాం. వరండా మధ్యలో గోడ దగ్గర ఆగి, వేలి కణుపుతో తడుతూ పదడుగులు జరిగారు. ఒకచోట శబ్దం డొల్లగా వచ్చింది.

"ఇక్కడ."

భవనం వడ్రంగి మరలు విప్పి రెండు పలకలు తీశాడు. లోపల నల్లటి చీకటి, పాత దుమ్ము వాసన. మేడమ్ టార్చి వేసి పైకి చూపించారు. ఎక్కడో పైన, రెండు రేకులు కలిసే చోట సన్నటి వెలుగు గీత కనబడింది. నలుగురు ఆర్కిటెక్టులూ ఒకేసారి ఊపిరి పీల్చడం నాకు వినిపించింది.

అందరం మేడ మీదికి వెళ్లాం. తుప్పు పట్టిన రేకులు నాలుగు ఊడదీసేసరికి మధ్యాహ్నపు ఎండ తొమ్మిది అంతస్తులూ దిగి అడుగున గచ్చు మీద పడింది. లోపలి వరండాలు, వాటి ఇనుప చువ్వలు, ఒక మూల వేలాడుతున్న పాత ఫ్యాను, అన్నీ పైకి తేలినట్టు కనిపించాయి. ఛీఫ్ గారు పిట్టగోడ పట్టుకుని చాలాసేపు కిందికి చూశారు. "పన్నెండేళ్లుగా ఈ మేడ మీదికి తనిఖీకి వస్తున్నాను" అని మాత్రం అన్నారు, ఎవరితోనూ కాదు, తనతో తనే.

అత్తగారు కూడా తొంగి చూశారు. "చూడండి ఎంత దుమ్ము పట్టిందో. పాతికేళ్లుగా చీపురు తగల్లేదు పాపం" అన్నారు. మేడమ్ పగలబడి నవ్వి ఆవిడ చేయి పట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఎవరూ భోజనానికి లేవలేదు. ఇద్దరు కుర్ర ఆర్కిటెక్టులు నోట్‌బుక్కులు తెరిచి మా అత్తగారికి చెరో పక్క కూర్చున్నారు. ఎండాకాలంలో పడమటి కిటికీలు ఎన్నింటికి కాలిపోతాయి, ఏ మెట్ల మీద వాన నీళ్లు నిలుస్తాయి, ఏ అంతస్తు నుంచి బజారు రొద వినపడదు, గాలి ఏ నెలలో ఎటు తిరుగుతుంది అని అడిగారు. అడిగినవాటికి జవాబు చెప్పి, అడగనివీ చెప్పారు. "మూడో అంతస్తు ఉత్తరం మూల పొద్దున పూట ఎండ మెత్తగా వస్తుంది. ముసలివాళ్లకి అది ఇవ్వండి" అన్నారు. వాళ్లు రాసుకుంటుంటే నేను గీశాను. అడ్డగీతలు తీసేసి అక్కడ తెల్లకాగితం వదిలాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను గీసినవాటిలో అంత నిజమైన డ్రాయింగు మరొకటి లేదు.

ఆరో రోజు కౌన్సిలు హాల్లో సభ. మేడమ్ తమ ప్లాను తెర మీద చూపించారు. బీమా భవనం నడుమ తెరిచిన నుయ్యి, చుట్టూ వరండాలు, వరండాల్లోకి తెరుచుకునే నలభై ఎనిమిది ఇళ్లు. కింద ఓ ఆస్పత్రి, ఓ చిన్న బడి, సరుకుల దుకాణం. కార్లు ఆపే వీధిలో చెట్లూ బల్లలూ. ఆఖరున ముందు వరుసలో కూర్చున్న మా అత్తగారిని చూపించి, "ఈ ప్లానులో మా నలుగురికీ తెలిసింది సగమే. మిగతా సగం ఈవిడకి తెలుసు" అన్నారు.

ఒక కౌన్సిలరు లేచి అడిగారు. "అంతా బాగానే ఉంది. కానీ కాపురాలు వస్తే పేట మురికైపోదా? ఇప్పుడు ఆఫీసులు కాబట్టి శుభ్రంగా ఉంది."

మేడమ్ మైకు తీసుకొచ్చి అత్తగారికి ఇచ్చారు. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు.

"శుభ్రంగా ఉందంటే మేం ఊడ్చాం కాబట్టి అయ్యా. ఆఫీసులో ఉన్నాయన కాగితం కింద పడేసి ఆరింటికి ఇంటికి పోతాడు. ఇల్లే ఇక్కడుంటే ఎక్కడికి పోతాడు? తన గుమ్మం ముందు తనే వంగి తీసుకుంటాడు."

మొదట వెనక వరుసలో ఎవరో నవ్వారు, తర్వాత హాలంతా నవ్వింది. అడిగిన కౌన్సిలరూ నవ్వుతూనే కూర్చున్నారు. ఛీఫ్ గారు పక్కవాళ్లకు చెబుతుండగా నా చెవిన పడింది. "మా డ్రాయింగు అమ్మాయి అత్తగారండీ ఆవిడ." నా గుండె నిండిపోయింది. ఇన్నాళ్లూ ఆ మాట చెప్పకుండా ఎలా ఉన్నానో నాకే అర్థం కాలేదు.

ఇంటికి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక అత్తగారే మాట ఎత్తారు.

"ఆఫీసులో నా సంగతి ఇన్నాళ్లూ చెప్పలేదు కదూ?"

"లేదు అత్తయ్యా. తప్పు చేశాను."

ఆవిడ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. నొచ్చుకున్నారని ముఖమే చెప్పింది. తర్వాత నా వైపు తిరిగారు. "నేనేం తక్కువ తిన్నానా? మీ కోడలు ఏం చేస్తుందని మావాళ్లు అడిగితే, ఏవో గీతలు గీస్తుందిలే అనేదాన్ని. ఈ రోజు ఆ తెర మీద చూశాక తెలిసింది, ఆ గీతల్లో ఇళ్లు ఉంటాయని. ఇంక సరిగ్గా చెబుతాను. నువ్వూ సరిగ్గా చెప్పు."

"చెబుతాను" అన్నాను. ఇల్లు వచ్చేదాకా ఆవిడ చేయి నా చేతిలోనే ఉంది.

మూడేళ్లు పట్టింది. కిందటి నెల బీమా భవనంలో నలభై ఎనిమిదో ఇంట్లో దీపం వెలిగింది. మూడో అంతస్తు ఉత్తరం మూలన ఓ రిటైర్డు మాస్టారూ ఆయన చెల్లెలూ ఉంటున్నారు. ఆదివారాలు వీధిలో బల్లలు ఖాళీ ఉండవు. మేడమ్ చూడడానికి వచ్చారు, ఈసారి కూడా నడిచే.

మొన్న సాయంత్రం ఛీఫ్ గారు ఇంటికి ఫోన్ చేశారు. నేను "సార్" అనేలోపే, "నీతో కాదమ్మా, అత్తగారికి ఇవ్వు" అన్నారు. పాత బ్యాంకు భవనం పని మొదలెడుతున్నారట, ఆవిడ ఓసారి వచ్చి చూస్తే బాగుంటుందట.

అత్తగారు ఫోను చెవికి ఆనించుకుని, గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్లి, వేలితో తేదీలు వెతికారు.

"రేపు కుదరదు సార్, మనవరాలి స్కూల్లో పరుగు పందెం ఉంది. గురువారం వస్తాను. ఆ తాళాలన్నీ ముందే తీయించి ఉంచండి."