తేలాల్సిన లైను

చేపలు పట్టే లైను కడగడానికి గోరువెచ్చని నీళ్లే కావాలి, వేడినీళ్లు పనికిరావు. బేసిన్‌లో రెండు చుక్కలు చంటిపిల్లల సబ్బు కలిపి, తొంభై అడుగుల పసుపుపచ్చ లైనుని అందులోకి వదులుతాను. మెత్తటి గుడ్డని వేళ్ల మధ్య పెట్టుకుని జానెడు జానెడు లాగుతుంటే నది మురికంతా గుడ్డకి నల్లగా అంటుకుంటుంది. తర్వాత నీడలో ఆరబెట్టి పెద్ద పెద్ద చుట్లుగా చుట్టాలి. ఇరుకుగా చుడితే ఆ మెలికలే దానికి అలవాటైపోయి నీళ్ల మీద తిన్నగా పడదు. మా ఆయన చేపలు పట్టడం నేర్పడానికి నదికి తీసుకెళ్లేవాళ్ల లైన్లన్నీ పదకొండేళ్లుగా నేనే కడుగుతున్నాను. జనం ఆయన్ని గురువుగారంటారు. నన్ను ఏమీ అనరు.

ఆయన నేర్పేది ఈకలతో కట్టిన ఈగని ఎరగా విసరడం. ఆ ఈగకి బరువుండదు, విసరడానికి కావలసిన బరువంతా లైనుదే. అందుకే గాలం రాడ్డు నంబరు చూసి లైను ఎంచాలి. ఆరో నంబరు రాడ్డుకి ఆరో నంబరు లైను. కొత్తవాళ్లకి తేలే రకం, లోతు నీళ్లకి మునిగే రకం. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే ఆయన ఫోన్‌ని అరచేత్తో మూసి, "ఏమే, వీడికి ఏది చెప్పను?" అంటాడు. నేను చెప్పగానే చెయ్యి తీసి, "నా అనుభవంలో ఏంటంటే సార్..." అని మొదలుపెడతాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వూ ఒళ్లుమంటా రెండూ వస్తాయి.

నిన్న సాయంత్రం మూడు రోజుల ప్రయాణం ముగించుకుని వచ్చాడు. వస్తూనే వాకిట్లో చెప్పులు విసిరేశాడు. పళ్ల డాక్టరుగారి లైను మునిగిందట. ఏడాదికి పదిమందిని వెంటేసుకొచ్చే మనిషి ఆయన. తేలాల్సిన లైను కొన నీళ్లలోకి దిగిపోయి, ఆయన చేతికి చిక్కాల్సిన పెద్ద చేప పోయిందట.

"ఏం పెట్టి కడిగావే? గిన్నెల సబ్బు పెట్టావా?"

లేదనేలోపే రీలులోంచి ఆ లైనే లాగి, నాలుగు పేటలుగా మడిచి వీపు మీద కొట్టాడు. తడి లైను గాలిలో ఈల వేస్తుంది. నది మీద ఆ చప్పుడు వినాలంటే అదృష్టం ఉండాలని అందరికీ చెబుతుంటాడు. నాలుగో దెబ్బో అయిదో దెబ్బో మెడకి తగిలి చర్మం చిట్లింది. చెయ్యి అడ్డుపెడితే మణికట్టుకి లైను చుట్టి గుంజాడు. నా నుదురు వెళ్లి తలుపు అంచుకి కొట్టుకుంది.

అంతసేపూ అత్తగారు టీవీ సౌండు పెంచుకుని కూర్చుంది. అయిపోయాక మందు తెచ్చి, "వాడికి కోపమని తెలుసు కదమ్మా, కాస్త జాగ్రత్తగా కడగొచ్చుగా," అంది. మందు రాసే చెయ్యి మెత్తగానే ఉంది. నాకు అదే ఎక్కువ మండింది.

పొద్దున్న ఆ లైనుని కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాను. కొన దగ్గర రెండు మూరల మేర పైపూత జిగటగా కరిగి, పగుళ్లు తీసింది. సబ్బుకి అలా కరగదు. దోమల మందుకి కరుగుతుంది. ఆ లోషన్ రాసుకున్న చేత్తో లైను ముట్టుకోవద్దు, ముందు చేతులు కడుక్కోమని మా ఆయనకి వందసార్లు చెప్పుంటాను. డాక్టరుగారి లైను కొన సరిచేసి ఇచ్చేది ఈయనే. ఒకచోట బొటనవేలి ముద్ర అచ్చుగుద్దినట్టు పడింది.

చూపించాను. చూశాడు. అర్థమైందని మొహంలోనే తెలిసింది. అందుకే నా జుట్టు పట్టుకుని తల గోడకేసి నొక్కాడు.

"పదింటికి డాక్టరొస్తాడు. గిన్నెల సబ్బుతో కడిగాను, తప్పయిపోయింది అని చెప్పు."

"చెప్పకపోతే?"

ఆ ఒక్క మాటకి నా పెదవి పగిలింది.

పదకొండేళ్లలో నావి కాని తప్పులు చాలా ఒప్పుకున్నాను. బండి ఆగిపోతే నా తప్పు, ఆయన పెట్టిన తాళాలు ఆయనకి కనబడకపోతే నా తప్పు. అవన్నీ ఊఁ అనేసి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. కానీ నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఇది కూడా నాకు రాదని నా నోటితో నేనే చెప్పాక, ఇక ఈ ఇంట్లో నేనంటూ ఏం మిగులుతాను?

డాక్టరుగారు వచ్చి కూర్చున్నారు. నా పెదవి చూసి చూపు గోడ మీదికి తిప్పుకున్నారు. పళ్ల డాక్టరు కదా, నోటి దెబ్బ పోల్చుకోలేరా?

"సార్‌కి చెప్పు," అన్నాడు మా ఆయన తియ్యగా.

లైను తెచ్చి డాక్టరుగారి ఒళ్లో పెట్టాను. "నేను కడిగిన లైను మునగదు సార్. ఇది దోమల మందు. ఈ వేలిముద్ర మీ గురువుగారిది. ఏ రాడ్డుకి ఏ లైనో ఇన్నేళ్లూ ఆయన నోటితో మీకు చెప్పింది నేను. ఈ మెడ మీద వాత మీ లైనుతో పడిందే."

మా ఆయన చెయ్యెత్తుతూ లేచాడు. డాక్టరుగారి మోకాళ్లు అడ్డొచ్చి ఆగిపోయాడు. డాక్టరుగారు మాత్రం తల ఎత్తలేదు, ఆ ముద్రనే వేలితో తడిమి చూస్తున్నారు. "అయితే ఇప్పుడు ఏ లైను కొనమంటావమ్మా?" అన్నారు.

నాకు నిజంగానే నవ్వొచ్చింది. పెదవి మళ్లీ చిట్లి రక్తం కారింది. తుడుచుకోకుండానే చెప్పులు వేసుకున్నాను.

"చెప్తాను సార్. ఆ లైను తుడవకుండా అలాగే పట్టుకురండి. మీ కారులో నన్ను పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లండి. దారిలో చెప్తాను."