నా ఊపిరికి సరిపడే పిల్లి

"పిల్లీ వద్దు, గిల్లీ వద్దు. నీకసలే ఆయాసం" అన్నాడు మా ఆయన అప్పలరాముడు, బీడీ పొగ నా ముఖం మీదికి వదులుతూ.

పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలకు పొలుసు గీకుతున్నాను. పొగ తగలగానే దగ్గు వచ్చింది. "సూసినావా? పిల్లి పేరెత్తితేనే దగ్గొచ్చేస్తంది" అన్నాడు. మా అబ్బాయి నాగరాజు నవ్వాడు. కోడలు కళ నవ్వలేదు. దగ్గు తగ్గేదాకా ఆగి మళ్ళీ పొలుసు గీకాను. మధ్యాహ్నానికి కూర కావాలి. ఆ కూరకు నా ఆయాసంతో పని లేదు.

నా ఊపిరి మీద ఈ ఇంట్లో ఇంత ప్రేమ ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. పెళ్ళయి ఈ దీవిలో ఓడ దిగిన ఏడాది నుంచి మోకాళ్ళు పట్టేసేదాకా జంగ్లీఘాట్ ఒడ్డున ఉప్పుచేప ఎండబెట్టాను. కడగడం, చీల్చడం, ఉప్పు పట్టించడం, ఎండలో పరచడం, మబ్బు పడితే పరుగెత్తి టార్పాలిన్ కప్పడం. ఇంటికొస్తే తడి కట్టెల పొగ. ఎప్పుడైనా ఛాతీ బిగుసుకుపోయి కూలబడితే మా అత్త "ఒళ్ళొంగదు గానీ ఒగరుపొకటి దీనికి" అనేది. నేను చేసేది పనే కాదని మా ఆయన వాదన. "నువ్వేటి సేత్తన్నావే? సేపల్ని ఎండబెట్టేది ఎండ గానీ నువ్వా?" అని పడవ దగ్గర అందరి ముందూ అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, నవ్వకపోతే పొగరంటారని. బస్తాల మీద ఆయన పేరు రాసి ఓడకెక్కించేవారు. నా ఊపిరి ఆడుతోందా అని అప్పుడు అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు ఒక పిల్లిని పెంచుకుంటానంటే ఇంటిల్లిపాదీ నా ఊపిరికి కాపలా కాస్తున్నారు.

పిల్లి ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేను. నాకు ఎవరినైనా సాగనంపాలంటే భయం. విశాఖ రేవులో మా అమ్మ ఏడుస్తూ నిలబడింది, ఓడ మీద నుంచి చూశాను. మళ్ళీ చూడలేదు. మా అమ్మాయి భానును కాకినాడ ఇచ్చాం, అదీ ఓడెక్కి వెళ్ళిపోయింది. ఇప్పుడు మేముండే లంబాలైన్‌లో ఇంటి పక్కనే విమానాలు లేస్తుంటాయి. లేచిన ప్రతిసారీ ఎవరో ఎవరినో వదిలి పోతున్నారనిపించి, చేతిలో ఏముంటే అది కింద పెట్టేస్తాను. పిల్లి టికెట్ కొనుక్కుని వెళ్ళదు కదా అనుకున్నాను.

అయితే పిల్లిని పంపించేవాళ్ళు ఉంటారు. జంగ్లీఘాట్‌లో నాకొక పిల్లి ఉండేది. మీసాలు బాగా పొడుగు, అందుకని జెల్ల అని పిలిచేదాన్ని, జెల్ల చేపలాగా. అది ఎండుచేప ముట్టుకుంటోందని మా ఆయన ఒకరోజు గోనెసంచిలో వేసి, చిన్న డింగీ పడవలో పెట్టుకుని, అవతలి ఒడ్డున వదిలేసి వచ్చాడు. పిల్లిని నీళ్ళు దాటిస్తే దారి మరిచిపోతుందని మావాళ్ళ నమ్మకం. "ఇంకేటొస్తాది? నీల్లు దాటించీసినాను కదా" అన్నాడు. ఆ రోజు అన్నం వడ్డిస్తూ అనుకున్నాను, నన్ను కూడా అలాగే కదా దాటించారు అని.

ఈసారి ఊరుకోలేదు. రోజూ అడిగాను. విసుగెత్తి కళ అంది, "అత్తా, పెహలే డాక్టర్‌ని అడుగుదాం, తర్వాతే పిల్లి. టెస్ట్ చేస్తారు కదా." మా ఆయన వెంటనే చొక్కా వేసుకున్నాడు. డాక్టరు చేత వద్దనిపించవచ్చని ఆయన ఆశ.

డాక్టరు ఉత్తరాది అమ్మాయి, హిందీలో నెమ్మదిగా మాట్లాడింది. నా చేతి మీద వరసగా మందు చుక్కలు వేసి, సూదితో గుచ్చి, కాసేపు కూర్చోమంది. పిల్లి చుక్క దగ్గర కొంచెం పొంగింది. ఇంటి దుమ్ము చుక్క దగ్గర ఇంకా బాగా పొంగింది. ఇల్లు ఊడ్చేదెవరని అడిగింది. నేనేనన్నాను. "ఘర్ మే కోయీ బీడీ పీతా హై క్యా?" అని అడిగింది. ఇంట్లో ఎవరైనా బీడీ తాగుతారా అని అడుగుతుంటే మా ఆయన గోడ మీద క్యాలెండర్ చూశాడు. "మేడమ్, హమ్ బిల్లీ కా బాత్ పూఛ్‌నే ఆయే" అన్నాడు. పిల్లి సంగతి అడగడానికి వచ్చారట! ఆ అమ్మాయి ఆయన్ని ఒక్క చూపు చూసి, నా వైపు తిరిగింది.

అసలు అలర్జీ రాని పిల్లంటూ ఉండదట. బొచ్చు తక్కువైనా లాభం లేదు, దాని ఎంగిలిలో, చర్మంలో ఉంటుందట మనకు పడనిది. కానీ ఒక్కో పిల్లికి ఒక్కోలా ఉంటుంది. పెద్దదైన ఆడపిల్లి అయితే మేలు కావచ్చు. తెచ్చుకునే ముందు దాని దగ్గర కూర్చుని చూడాలి, ఒక్కసారి కాదు, వేరువేరు రోజుల్లో. ముట్టుకుని చూడాలి, తర్వాత చేతులు కడుక్కోవాలి. పీల్చే మందు వెంట ఉంచుకోవాలి. ఆయాసం ఎక్కువైతే ఆ పిల్లి సంగతి మరిచిపోవాలి. సరిపడితే మాత్రం ఒక షరతు. నేను పడుకునే గదిలోకి దాన్ని రానివ్వకూడదు. ఆ గదిలో పొగ, దోమల చుట్ట ఏవీ ఉండకూడదు. "ఆప్ కా కమరా అలగ్ హై నా, అమ్మా?" అంది. నాకు వేరే గది ఉందా అని.

మా ఆయనే అన్నాడు, "హా మేడమ్, హై."

ఉందట. మా ఇంట్లో రెండు గదులు. ఒకటి కొడుకూ కోడలిది. రెండోది మా ఆయనది. "నీ దగ్గుతో నాకు నిద్దర్లేదే, హాల్లోకెల్లి తొంగో" అన్నాడొకప్పుడు. అప్పుడు నాకు జ్వరం, తగ్గేదాకా అనుకుని చాప తీసుకువెళ్ళాను. ఆ జ్వరం తగ్గింది. చాప మాత్రం టీవీకీ చెప్పుల స్టాండుకీ మధ్య ఉండిపోయింది. అందరూ టీవీ చూసి లేచేదాకా నాకు పడక లేదు, పొద్దున ఎవరు ముందు లేస్తే వాళ్ళ అడుగుల చప్పుడుతో నేనూ లేవాలి. అలాంటి నాకు గది ఉందని ఆయన అంత తేలిగ్గా చెప్పేస్తే, అబద్ధమాడుతున్నాడని కూడా కాదు, నిజంగానే అనుకుంటున్నాడని అర్థమైంది. ఇల్లు ఉంది, అందులో గది ఉంది, అందులో ఆయన ఉన్నాడు. నాకూ ఉన్నట్టే. నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాతి ఆదివారం సిప్పీఘాట్ బస్సెక్కాను. అక్కడ పుష్పావతి ఉంది, ఒకప్పుడు నా పక్కన కూర్చుని చేపలు చీల్చిన మనిషి. ఇప్పుడు కూరగాయలు పండించుకుంటోంది, ఇంటినిండా పిల్లులు. సంగతి విని పకపకా నవ్వింది. "పెళ్ళిసూపులకొచ్చినావేటి బుల్లమ్మక్కా? సూడు సూడు, మా పిల్లలు బంగారం."

ముందు ఒక ఎర్రటి మగపిల్లి వచ్చి సరాసరి ఒళ్ళో పడుకుంది. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. కాసేపట్లోనే కళ్ళు దురద పెట్టాయి, గొంతు బిగిసింది. దాన్ని దించుతుంటే ప్రాణం ఉసూరుమంది. చిన్న పిల్లికూనను తీసుకోమంది పుష్పావతి. పిల్లప్పుడు సరిపడినది పెరిగాక పడుతుందో లేదో ఎవరు చెప్పగలరు? ఆఖరికి చారల ఆడపిల్లి ఒకటి కనిపించింది. పిల్లల్ని కని కని, ఒక్కొక్కటీ ఒక్కొక్కరింటికి వెళ్ళిపోగా, గట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉంది. "అదా? ఆ ముసల్దాన్నెవరడుగుతారక్కా" అంది పుష్పావతి.

దాని పక్కన కూర్చున్నాను. అది నా వైపు చూడలేదు. వీపు నిమిరితే ఊరుకుంది. ఊపిరి మామూలుగానే ఆడింది. మళ్ళీ ఆదివారం వెళ్ళాను, ఆ తర్వాతా వెళ్ళాను. ఒక్క తుమ్ము వస్తే చాలు వణికిపోయేదాన్ని. తెచ్చుకున్నాక ఆయాసం వస్తే మళ్ళీ సంచిలో వేసి పంపాలి. అది నా చేతులతో చేయలేను. అందుకే ఆలస్యం చేశాను, ఆగి ఆగి చూశాను. ఆ గట్టు మీద కూర్చుని ఉన్నప్పుడే నా పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. నన్ను నడిపించారు, చేతులు చూశారు, తట్ట ఎత్తగలదా అని మా అమ్మనడిగారు. ఒక పూటలో తేల్చేశారు. ఆ మనిషి పక్కన నాకు ఊపిరాడుతుందో లేదో నాలుగు రోజులు కూర్చుని చూసుకోమని మాత్రం ఎవరూ అనలేదు.

పిల్లిని బుట్టలో తెచ్చిన రోజు మధ్యాహ్నం అందరూ ఇంట్లోనే ఉన్నారు. బుట్ట హాల్లో దించాను. "తెచ్చీసినావేటి!" అని మా ఆయన లేచాడు. నాగరాజు ఫోన్ పక్కన పెట్టి, "అమ్మా, ఆయాసం వస్తే హాస్పిటల్‌కి ఎవరు తిప్పుతారు? ఈ మొండి జిద్ ఎందుకు?" అన్నాడు.

సరాసరి మా ఆయన గదిలోకి వెళ్ళాను. ఆయన దుప్పట్లు, బీడీ కట్టలు, దోమల చుట్ట పెట్టే పళ్ళెం, మూలనున్న పాత వల, అన్నీ ఒక్కొక్కటీ హాల్లోకి తెచ్చి పెట్టాను. తడిగుడ్డతో నేల తుడవడానికి వంగుతుంటే, కళ వచ్చి నా చేతిలోంచి గుడ్డ తీసుకుంది. దుమ్ము నీకు పడదు కదత్తా అని, తనే తుడిచింది.

"ఒలే, నా సామానేటి బయటెడతన్నావు? ఒంట్లో బాగుందా?"

"బాగుండాలనే."

"నాన్న హాల్లో ఎలా పడుకుంటాడమ్మా?" అన్నాడు నాగరాజు. "నడుం నొప్పి, వయసైపోయింది."

"నాను హాల్లో ఎన్నాల్ల నుంచి తొంగుంతన్నానురా?"

వాడు ఆలోచించాడు. గుర్తు రాలేదు. గదిలోంచి కళే చెప్పింది, "నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి అక్కడే చూస్తున్నాను."

మా ఆయన తన దుప్పట్ల మధ్య నిలబడి చుట్టూ చూశాడు. పిల్లి బుట్టలోంచి దిగి, ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, వల మీద కూర్చుంది. "మరి నానెక్కడ తొంగోవాలే?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు.

"నాకు గది, పిల్లికి హాలు. డాక్టరమ్మ అదే సెప్పింది. నీ సంగతేటో దాంతో మాటాడుకో."

లోపలికి వెళ్ళి తలుపు వేశాను. ఇన్నేళ్ళుగా తుడుస్తున్న తలుపే. లోపలి గడియ పైనుందో కిందుందో నాకు తెలియలేదు, చేత్తో తడిమి వెతుక్కోవాల్సి వచ్చింది.